కప్ప చేతిలో ఓడిన రోజు

వీడియో గేములు ఆడి జీతం తీసుకున్నానంటే నాతో పొద్దున్నే నడకకు వచ్చే మిత్రులు ఇప్పటికీ నమ్మరు. ప్రగతి నగర్ చెరువు చుట్టూ మేం ముగ్గురం తిరుగుతాం. ఒకాయన బ్యాంకులో, ఇంకొకాయన నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. "మీరేం చేసేవారండీ?" అని మొదటిరోజు అడిగారు. "గేమ్ టెస్టింగ్ అండీ. ఆడి, తప్పులు పట్టుకోవడం" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మా మనవణ్ణి ఆడుతున్నాడని రోజూ తిడుతున్నామండీ, మీకు ఎదురు జీతం ఇచ్చారా?" అన్నాడు బ్యాంకాయన. ఇచ్చారు. పీఎఫ్ కూడా కట్ చేశారు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ కెరీర్‌లో పెద్ద సక్సెస్ ఏంటి?" అని అడుగుతుంటారు. సక్సెస్‌లు నాకు గుర్తులేవు నాయనా. ఒక కప్ప గుర్తుంది. దాని గురించి చెబుతాను, వినండి.

అంతకుముందు నా పూర్వాశ్రమం గురించి రెండు ముక్కలు చెప్పాలి. కృష్ణా జిల్లాలో ఒక చిన్న టౌనులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. తలుపు తీస్తే పన్నెండు మిషన్లు, మూస్తే పన్నెండు మిషన్ల చప్పుడు చెవుల్లో. ఒక్కో వేలికీ ఒక్కో అక్షరం నేర్పించి, కీల వంక చూసిన పిల్లల వేళ్ల మీద స్కేలుతో కొట్టేవాణ్ణి. "అడ్డదారి లేదురా, కొట్టగా కొట్టగా వస్తుంది" అని రోజుకు ఇరవైసార్లు అనేవాణ్ణి. కంప్యూటర్లొచ్చి ఆ మిషన్లన్నీ పాత ఇనుములోకి పోయాక హైదరాబాద్ వచ్చి, ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో ఆరో అంతస్తున గేమ్ టెస్టింగ్ టీముకి లీడ్‌నయ్యాను. చుట్టూ పాతికేళ్ల పిల్లలు, మధ్యలో బట్టతలతో నేను.

అప్పుడు మాకు జపాన్ నుంచి ఒక గేమ్ వచ్చింది. కథానాయకుడు ఒకడు, వాడికి తోడు ముగ్గురు. ఊరూరూ తిరుగుతూ, అడవుల్లో రాక్షసుల్ని కొడుతూ, చివరికి మహారాక్షసుణ్ణి చంపాలి. ఇలాంటివి చాలా ఉన్నాయి కానీ ఇందులో ఒక మెలిక ఉంది. విద్య కొనుక్కుంటే రాదు, వయసు పెరిగినంత మాత్రాన రాదు. ఏది వాడితే అదే పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తిలో ప్రావీణ్యం, దెబ్బలు తింటే దెబ్బలు తట్టుకునే శక్తి. ఒక్కో ఆయుధంలో ఒక్కో విద్య దాగి ఉంటుంది. ఆ ఆయుధాన్ని పట్టుకుని తగినన్నిసార్లు పోరాడితే ఆ విద్య మనిషికి పట్టుబడుతుంది. ఆ తర్వాత ఆయుధం పారేసినా విద్య పోకూడదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

ఇంకో షరతు కూడా ఉంది. ఆ తోడు ముగ్గురిలో వైద్యం చేసే అమ్మాయి ఒకతె, ఆమె మంత్రం లెక్కకు రావాలంటే అవతలివాడికి నిజంగా దెబ్బ తగిలి ఉండాలి. ఒళ్లంతా బాగున్నవాడికి మందు పోస్తే లెక్కలోకి రాదు. మా పిల్లలు ఊరుకుంటారా? రెండోరోజే ఉపాయం కనిపెట్టారు. రాక్షసుణ్ణి పక్కన నిలబెట్టి మనవాళ్లనే మనవాళ్లు కొట్టడం, వెంటనే వైద్యం చేయడం. కొట్టించుకున్నవాడి శక్తి పెరుగుతుంది, కొట్టినవాడి కత్తి పెరుగుతుంది, అమ్మాయి మంత్రం పెరుగుతుంది. భోజనానికి వెళ్లేటప్పుడు బటన్‌కి రబ్బరు బ్యాండు చుట్టేసి పోయేవాళ్లు. క్యాంటీన్‌లో మేం పప్పన్నం తింటుంటే పైన కథానాయకుడు దెబ్బలు తింటూ బలపడేవాడు.

ఒకరోజు మా మేనేజర్ అటువైపు వచ్చాడు. కుర్రాడు, పుట్టి పెరిగిందంతా ఇక్కడే, మాట చల్లగా ఉంటుంది. స్క్రీను చూసి ఆగిపోయాడు.

"ఏంది సార్ ఇది? మనోళ్లే మనోళ్లని కొట్టుకుంటున్నరు?"

"ట్రైనింగ్ అండీ" అన్నాను.

"మన ఆఫీస్‌లెక్కనే ఉంది" అని వెళ్లిపోయాడు.

ఇక్కడ నా తెలివి మొదలైంది. ఇంతమంది ఇన్నిసార్లు విద్యలు నేర్చుకుంటూ కూర్చుంటే టెస్టింగ్ ఎప్పుడవుతుంది? అందుకని నేనే నెల రోజులు ఆడి, అందరికీ అన్ని విద్యలూ వచ్చేసి, సంచీలో అన్ని ఆయుధాలూ నిండి ఉన్న ఒక సేవ్ ఫైలు తయారుచేశాను. సేవ్ ఫైలంటే మరేం లేదు, ఆటను ఎక్కడ ఆపామో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టుకునే ఫైలు. అందరికీ పంచిపెట్టాను. దానికి 'మాస్టర్' అని పేరు పెట్టుకున్నాను, ఏమాటకామాటే చెప్పాలి, నన్ను ఉద్దేశించే. టీము పని మూడింతలు వేగమైంది. మేనేజర్ నన్ను మీటింగులో నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. స్కేలుతో కొట్టిన టైపు మాస్టారు ఆ చప్పట్లలో ఎక్కడికి పోయాడో నాకు తెలియదు.

ఆ ఫైలు ముట్టుకోని మనిషి ఒక్కతే ఉంది.

నార్సింగి ఆవిడ. నలభై దాటాయి. ఊరు ఊరుగా ఉన్నప్పటి నుంచీ వాళ్లది అక్కడే. శేరిలింగంపల్లిలో ఒక ఆఫీసులో పాత కాగితాలు స్కాన్ చేసే పని చాలా ఏళ్లు చేసింది, అది మూతపడింది. తర్వాత ఇంకోచోట చేరింది, అదీ మూతపడింది. మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. "ఇది గూడ పోతే ఇగ ఇంట్ల కూసుంటదని మావోళ్లంత ఎదురుచూస్తున్నరు సార్" అని చేరిన మొదటివారమే నాతో అంది. "నేనైతే కూసోను." పిల్లలందరూ ఆవిడని అక్కా అనేవాళ్లు. ఆవిడ మాత్రం ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడుకుంటూ ఉండేది.

ఫైలు ఇవ్వబోతే వద్దంది.

"ఎవరు ఆడిన్రు సార్ ఇది?"

"నేనేనమ్మా. నెల రోజులు కూర్చుని ఆడాను."

"అయితే వద్దు సార్. ఎంగిలి."

నేను చేతిలో టీ కప్పు పక్కన పెట్టాను. "ఫైలుకి ఎంగిలేంటమ్మా?"

"ఇంకొకరు సగం తిని ఇడిసింది ఎంగిలి గాదా? మీరు సగం ఆడి ఇడిసిన్రు. ఈ పిలగాడు కత్తి ఎట్ల నేర్చుకున్నడో, ఎన్ని దెబ్బలు తిన్నడో నాకెట్ల తెల్వాలె?"

"పోనీ ప్రసాదం అనుకోండి."

"ప్రసాదమైతే దేవుడు చూసి ఇడుస్తడు సార్, తినడు. మీరు ఆడిన్రు కద."

టైపు హయ్యర్ డిస్టింక్షన్‌లో పాసైనవాణ్ణి. ఆ చదువు ఇక్కడ పనికిరాలేదు. సరే మీ ఇష్టం అన్నాను.

ఫలితం ఏమైందంటే, ప్రతి సోమవారం జపాన్ నుంచి గేమ్ కొత్త రూపం వచ్చేది. పాతదాంట్లో నేర్చింది కొత్తదాంట్లో చెల్లదని ఆవిడ మళ్లీ మొదటి ఊరి నుంచి మొదలుపెట్టేది. శుక్రవారానికి మూడో ఊరు చేరేది. సోమవారం మళ్లీ మొదటి ఊరు. ఎనిమిది నెలల్లో నాలుగో ఊరి పొలిమేర చూడలేదు. మా టీములో అందరికంటే వేగంగా ఆడే కుర్రాడొకడు ఉండేవాడు, మేం ఛాంపియన్ అని పిలిచేవాళ్లం. వాడు అదే ఎనిమిది నెలల్లో మహారాక్షసుణ్ణి ఎన్నిసార్లు చంపాడో లెక్కే లేదు. వాడు వారానికి పదిహేను తప్పులు రాస్తే ఆవిడ రెండు రాసేది.

ఆవిడ రాసినవాటిలో ఒకటి మళ్లీ మళ్లీ వచ్చింది. 'వైద్యురాలి పాత కర్ర అమ్మేస్తే వైద్యం మంత్రం పోతోంది' అని.

అది చదివి నేను నా మాస్టర్ ఫైలు తెరిచాను. సంచీలోంచి ఒక కర్ర అమ్మాను. మంత్రం పోలేదు, హాయిగా పనిచేసింది. 'మా దగ్గర రాలేదు' అని రాసి మూసేశాను. మా పనిలో ఆ మూడు మాటలకు చాలా బలం ఉంది. తప్పు ఉన్నా లేకపోయినా లెక్కలోంచి పోతుంది. రెండోసారి రాసింది, రెండోసారి మూసేశాను. మూడోసారి రాస్తే పిలిచి కూర్చోబెట్టాను.

"అసలు ఆ కర్ర అమ్మడమెందుకమ్మా? సంచీలో ఉండనివ్వచ్చు కదా?"

"పనికిరాని కట్టె సంచిల ఎందుకు సార్, ఉత్త బరువు. నేను ఇంట్ల గూడ పాత సామాన్ ఉంచ."

"ఆడేవాళ్లు ఎవ్వరూ అమ్మరమ్మా."

"నేను ఆడేదాన్ని గాదా సార్?"

నాకు చిరాకేసింది. "చూడండి, ఇంకోసారి ఇది రాస్తే బాగుండదు" అన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. నాలుగోసారి రాయలేదు.

ఇంతలో మేనేజర్ పిలిచి, పైనుంచి ఆర్డర్ వచ్చింది, కాంట్రాక్టు వాళ్లలో ఒకరిని తగ్గించాలి, శుక్రవారం సాయంత్రానికి పేరు కావాలి అన్నాడు. నేను రెండో ఆలోచన లేకుండా ఎవరు ఎన్ని తప్పులు పట్టారో వరసగా పెట్టి, అడుగున ఉన్న పేరు రాశాను. నార్సింగి ఆవిడ పేరు. గురువారం మధ్యాహ్నం కాగితం ప్రింటు కొట్టాను. ప్రింటర్ హాలు అవతలి కొసన ఉంటుంది, నాకేమో మోకాలి నొప్పి. నీళ్ల సీసా నింపుకోవడానికి లేచిన ఎవరినో, "ప్రింటర్ దగ్గర నా కాగితం ఉంది, కాస్త తెచ్చిపెట్టండి" అని తల ఎత్తకుండానే అడిగాను. కాసేపటికి కాగితం నా బల్ల మీదికి బోర్లా వచ్చింది. దాన్ని కవర్లో పెట్టి మేనేజర్‌కి ఇచ్చేశాను.

శుక్రవారం పొద్దున జపాన్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఈ విద్యలు నేర్చుకునే పద్ధతంతా ఆయన బుర్రలోంచి పుట్టిందట. సన్నటి మనిషి, వెంట్రుకలన్నీ తెల్లబడ్డాయి, ఎవరు కనిపించినా వంగి నమస్కారం పెడుతున్నాడు. ఆయన పక్కన మన అమ్మాయే, జపనీస్ నేర్చుకుని దుబాసీగా వచ్చింది. మీటింగు గదిలో పెద్ద టీవీ పెట్టాం. ఛాంపియన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మాస్టర్ ఫైలు తెరిచి మహారాక్షసుణ్ణి ఎలా చీల్చి చెండాడతాడో చూపించాలని మా ప్లాను.

పెద్దాయన చేయి అడ్డం పెట్టి ఏదో అన్నాడు.

"ఇది వద్దంటున్నారు సార్" అంది దుబాసీ అమ్మాయి. "కొత్త ఆట మొదలుపెట్టమంటున్నారు. ఏమీ రానివాడు ఎలా నేర్చుకుంటాడో చూడాలట."

ఛాంపియన్ నా వైపు చూశాడు. నేను కానివ్వు అన్నట్టు తలూపాను. మొదటి ఊరు, దాని పక్కన చిన్న అడవి. అడవిలోంచి ఒక ఆకుపచ్చ కప్ప గెంతుకుంటూ వచ్చింది. ఆట మొత్తంలో అదే అన్నిటికంటే బలహీనమైన శత్రువు. ఛాంపియన్ తన అలవాటు ప్రకారం మెరుపు కత్తి బటన్ నొక్కాడు. 'ఈ విద్య ఇంకా నేర్చుకోలేదు' అని వచ్చింది. నిప్పుల వాన నొక్కాడు. నేర్చుకోలేదు. ఈలోగా కప్ప నాలుక చాపి ఒక్కటిచ్చింది. వాడు కంగారుగా ఉన్న బటన్లన్నీ నొక్కాడు. నేర్చుకోలేదు, నేర్చుకోలేదు, నేర్చుకోలేదు. కప్ప ఇంకో రెండు ఇచ్చింది. కథానాయకుడు బోర్లాపడ్డాడు.

మేనేజర్ నా చెవిలో, "సార్, అది కప్పనే కద?" అన్నాడు.

ఇంకో కుర్రాడు కూర్చున్నాడు. వాడినీ కప్ప చంపింది. మూడో అమ్మాయి కూర్చుంది, కప్ప దగ్గరికి కూడా చేరకుండా చెరువులో పడింది. ఆ తొలి ఊళ్లన్నీ మేం ఎప్పుడో ఎనిమిది నెలల కిందట చూసి వదిలేశాం, ఆ తర్వాత చేరిన పిల్లలైతే అసలు చూడనేలేదు. చివరికి పరువు కోసం నేనే కూర్చున్నాను. మాస్టర్ని కదా. ముసలాయన నా పక్కకు కుర్చీ జరుపుకుని ఆసక్తిగా ముందుకు వంగాడు. ఆ కప్ప నన్ను నాలుగు దెబ్బల్లో ముగించింది. జీవితంలో అంత చెమట ఏసీ గదిలో ఎప్పుడూ పట్టలేదు.

పెద్దాయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "మొదటి నుంచి ఆడేవాళ్లు మీ దగ్గర ఎవరూ లేరా అని అడుగుతున్నారు" అంది దుబాసీ అమ్మాయి, తనకే సిగ్గేసినట్టు.

"అక్క ఉంది కద సార్" అన్నాడు ఛాంపియన్.

పిలిపించాం. ఆవిడ చున్నీ సర్దుకుని వచ్చి, పెద్దాయనకు నమస్కారం పెట్టి కూర్చుంది. కప్ప వచ్చింది. ఆవిడ కొట్టలేదు. డాలు అడ్డం పెట్టింది. కప్ప నాలుక చాపింది, డాలుకు తగిలింది. మళ్లీ డాలు. మళ్లీ తగిలింది. మూడోసారికి కప్ప అలసిపోయింది. అప్పుడు ఒకే ఒక్క దెబ్బ వేసింది. కప్ప పోయింది. పెద్దాయన మోకాలి మీద చరుచుకుని గట్టిగా ఏదో అన్నాడు.

"ఇలా ఆడాలనే అది పెట్టారట" అంది అమ్మాయి.

తర్వాత గంటన్నర ఎవరం లేవలేదు. ఆవిడ ఎక్కడా తొందరపడలేదు. కథానాయకుడు ఒక్కో దెబ్బకీ ఒక్కో పిసరు గట్టిపడుతున్నాడు. వైద్యురాలు తోడు వచ్చింది, కర్రతో పదేపదే మందు వేసి మంత్రం నేర్చుకుంది. అది నేర్చుకున్నప్పుడు వచ్చే చిన్న గంట మోత నేను నెలలుగా వినలేదు. విన్నప్పుడు, ఎందుకో, నాకు మా ఇన్‌స్టిట్యూట్ గుర్తొచ్చింది. టైపు మిషన్ లైను చివర కూడా అలాంటి గంటే మోగేది.

రెండో ఊరి అంగడిలో ఆవిడ కొత్త కర్ర కొని ఆగింది. పాత కర్ర మీద బాణం గుర్తు పెట్టి, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. అమ్మనా అని అడగలేదు. వద్దని సైగ చేయొచ్చు. చేస్తే ఆవిడ ఆగుతుందని కూడా నాకు తెలుసు. ఎందుకో చెయ్యి లేవలేదు. ఆవిడ కర్ర అమ్మేసింది.

తర్వాతి పోరాటంలో కథానాయకుడికి గాయమైంది. వైద్యురాలి మంత్రం పనిచేయలేదు. 'ఈ విద్య ఇంకా నేర్చుకోలేదు.' ఇప్పుడే కదా గంట మోగింది! కథానాయకుడు పడిపోయాడు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. విద్య మనిషిలో ఉండాల్సింది పోయి కర్రలో ఉండిపోయింది. నా మాస్టర్ ఫైలు సంచీలో అదే రకం కర్రలు తొమ్మిది ఉన్నాయి, ఒకటి అమ్మితే మిగతా ఎనిమిదీ మంత్రాన్ని కాపాడాయి. అందుకే నా దగ్గర రాలేదు. ఆయన బుర్రలో పుట్టిన ఆటకు వెన్నెముక ఏదో అదే విరిగిపోయి ఉంది, ఎనిమిది నెలలు మేం పైపైన రంగులు చూస్తూ కూర్చున్నాం.

"దీన్ని ఇంతకుముందు ఎవరైనా చూశారా అని అడుగుతున్నారు."

ఆవిడ స్క్రీను వైపే చూస్తూ, "మూడుసార్లు రాసిన" అంది.

"మరి ఎవరు మూసేశారు?"

సిస్టమ్‌లో ఏదో పొరపాటు అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "నేనేనండీ" అన్నాను. "మూడుసార్లూ నేనే."

అమ్మాయి దాన్ని జపనీస్‌లో చెప్పడానికి చాలాసేపు పట్టింది, నేను చెప్పింది రెండే ముక్కలైనా. బహుశా మర్యాదలు కలిపి చెప్పి ఉంటుంది. పెద్దాయన నాకు వంగి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను, ఎంత వంగాలో తెలియక కాస్త ఎక్కువే వంగాను. మోకాలు కలుక్కుమంది.

గదిలోంచి బయటికి రాగానే మేనేజర్ వెంటపడ్డాను. "నిన్న ఇచ్చిన కాగితం వెనక్కివ్వండి."

"ఇగ ఇప్పుడేడిస్తే ఏమొస్తది సార్? నాకు ఒక పేరైతే కావాలె."

"నా పేరు రాసుకోండి."

"మీరు పర్మనెంట్ సార్. మిమ్మల్ని తీసేయాలంటే నాకు పద్నాలుగు మందితోని మీటింగ్. జర ఆగండి, పరేషాన్ చేయకండి" అని, సొరుగులోంచి కవరు తీసి నా చేతిలో పెట్టాడు. "సోమవారం దాకా టైమ్ అడుగుత. మీరే చూసుకోండి."

సోమవారం చూసుకునే పని పడలేదు. ఆట మొత్తం మళ్లీ మొదటి నుంచి, ఏ పాత సేవ్ ఫైలూ వాడకుండా పరీక్షించాలని, అందుకు ఇంకా మనుషులు కావాలని పెద్దాయన దగ్గరి నుంచి మెయిల్ వచ్చింది. మేం చేసిన తప్పుకే మాకు కొత్త పని దొరికింది. ఐటీ అంటే ఇదే నాయనలారా, ఆశ్చర్యపోకండి.

కానీ నేను ఆ శుక్రవారమే ఆవిడకు చెప్పేయాలనుకున్నాను. సాయంత్రం టీ మిషన్ దగ్గర పట్టుకుని, కవరు చేతిలో నలుపుతూ, "అమ్మా, మీకొకటి చెప్పాలి. నిన్న నేనొక లిస్టు..." అన్నాను.

"తెల్సు సార్."

"ఏం తెలుసు?"

"నా పేరు రాసిన్రని. ప్రింట్ తెచ్చి మీ టేబుల్ మీద పెట్టింది నేనే కద."

నిన్న తల ఎత్తకుండా పనిచెప్పింది ఈవిడకా! తన పేరున్న కాగితం తనే తెచ్చి, పక్కవాళ్లు చూడకుండా బోర్లా పెట్టి, ఈరోజు వచ్చి, మా అందరి పరువూ ఆ కప్ప దగ్గర నుంచి కాపాడి కూర్చుంది.

"తెలిసి... ఒక్క మాటైనా అడగలేదేంటమ్మా నన్ను?"

"అడిగితే ఏమంటరు సార్? 'మా దగ్గర రాలేదు' అంటరు."

ఆవిడ టీ తాగేసి, కప్పు చెత్తబుట్టలో వేసి, వెళ్లి మళ్లీ మూడో ఊరి దగ్గర కూర్చుంది. అంత సిగ్గు నాకు కప్ప నన్ను చంపినప్పుడు కూడా వేయలేదు.

నేను రిటైరయ్యాక లీడ్ కుర్చీ ఆవిడకే ఇచ్చారు. వెళ్లేరోజు నా నోట్సు, నా పట్టికలు, ఏళ్లతరబడి కూడబెట్టినవన్నీ బల్ల మీద పేర్చి అప్పగించాను. ఒకటికి రెండుసార్లు దండం పెట్టి తీసుకుంది. తర్వాత ఛాంపియన్ చెప్పాడు, వాటిని అలాగే అల్మారాలో పెట్టి తాళం వేసి, కొత్త నోటు పుస్తకం మొదటి పేజీ నుంచి రాసుకుంటోందట.

పోయిన నెల ఆ గేమ్ కొనుక్కున్నాను. ఇంట్లో నవ్వుతున్నారు, నవ్వనివ్వండి. మొదటి నుంచి ఆడుతున్నాను. కప్పను ఆరో ప్రయత్నంలో చంపి, ఇల్లంతా వినబడేలా అరిచాను. కానీ మూడో ఊరి వంతెన దగ్గర పదిరోజులుగా చిక్కుకుపోయాను. మొన్న ఉండబట్టలేక ఆవిడకు ఫోన్ చేశాను.

"అమ్మా, వంతెన దాటాక మీ దగ్గర సేవ్ ఫైలేమైనా ఉంటే కాస్త పంపిస్తారా?"

"ఎంగిలి సార్" అంది. "డాలు పట్టుకోండ్రి, వస్తది."